తడి చేతుల పాఠం

మార్చి 22న ప్రపంచ నీటి దినోత్సవం వస్తోందంటే చాలా బడుల్లో ఒక చార్టు తయారవుతుంది. కన్నీళ్లు కార్చే భూగోళం, బీటలు వారిన నేల, ఖాళీ బిందెతో ఒక ఆడమనిషి, కింద పెద్దక్షరాలతో ‘నీటిని పొదుపు చేయండి’. ఒకటో తరగతి పిల్ల ఆ బొమ్మ చూసి భూమి ఎందుకు ఏడుస్తోందని అడుగుతుంది. టీచర్ చెబుతుంది. పిల్ల బుద్ధిగా తలూపుతుంది. ఇంటర్వెల్‌లో అదే పిల్ల కుళాయి తిప్పి, చేతులు తడుపుకుని, కట్టకుండానే పరిగెత్తుతుంది. ఆ పిల్లను తప్పు పట్టడానికేం లేదు. ఏడ్చే భూమికీ ఈ కుళాయికీ ఉన్న సంబంధం ఆమెకు ఎవరూ చూపించలేదు.

అంగన్‌వాడీ నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకు నీళ్ల పాఠాలు ఎలా అల్లుకోవాలన్నది ఈ అధ్యాయం. టీచర్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను గానీ ఇంట్లో చిన్నపిల్లలున్న అమ్మానాన్నలకూ, వాళ్లను చూసుకునే అమ్మమ్మ తాతయ్యలకూ ఇందులో చాలామటుకు పనికొస్తుంది. నేను పట్టుబట్టేది ఒక్క విషయంలోనే. ప్రతి పాఠం చివర పిల్లల చేతికి ఒక పని రావాలి. వాళ్ల ఎత్తుకు అందే పని, మర్నాడూ చేయగలిగే పని. అది రాకపోతే పాఠం ఎంత బాగా కుదిరినా ఉపన్యాసం కిందే లెక్క.

ముందుగా మన నోట్సులోంచి రెండు విషయాలు తీసి పక్కన పెట్టాలి. భూమ్మీది నీళ్లలో 97 శాతం ఉప్పునీళ్లే, మిగిలిన కాస్తలో ఎక్కువ భాగం మంచుగా గడ్డకట్టి ఉంది అనే లెక్క మొదటిది. లెక్క సరైనదే. శాతాలు రాని వయసులో అది వట్టి అంకె. ఐదో తరగతిలో బకెట్టు నీళ్లు ముందు పెట్టుకుని మగ్గుతో, చెంచాతో తీసి చూపిస్తే అప్పుడు కంటికి ఆనుతుంది. రెండోది ‘ముందు ముందు తాగడానికి చుక్క దొరకదు’ అనే బెదిరింపు. అమెరికాలో పర్యావరణ విద్య మీద పనిచేసిన డేవిడ్ సోబెల్ 1996లో ‘బియాండ్ ఇకోఫోబియా’ అని ఒక చిన్న పుస్తకం రాశాడు. నాలుగో తరగతి లోపు పిల్లల ముందు ప్రకృతి విషాదాలు పెట్టొద్దంటాడు. ఏమీ చేయలేని వయసులో భయం పెడితే పిల్లలు ఆ విషయం నుంచే మొహం తిప్పుకుంటారన్నది ఆయన వాదన. అనంతపురం పల్లెలో పెరిగే పిల్లకు నీటి కరువు ఎక్కడో జరిగిన విషాదం కాదు, పొద్దున్నే మోయాల్సిన బిందె. కాబట్టి ఆయన సూత్రం మనకు అచ్చంగా సరిపోదు. కానీ భయపెట్టొద్దన్నంత వరకు ఆయనతో నాకు పేచీ లేదు.

ఇక లీటర్ల సంగతి. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే చేసిన నీళ్ల ప్రయోగం గురించి డీఎడ్, బీఈడీ చదివినవాళ్లు పరీక్షల్లో రాసే ఉంటారు. దాన్ని పుస్తకంలో వదిలేయకుండా మీ తరగతిలో ఒకసారి చేసి చూడండి. ఒకే రకం గాజు గ్లాసులు రెండు తీసుకుని సమానంగా నీళ్లు పోయండి. రెండింట్లోనూ ఒకటే ఉన్నాయని పిల్లల చేతే అనిపించండి. ఒక గ్లాసులోవి సన్నటి పొడుగు సీసాలోకి వంచండి. ఇప్పుడెందులో ఎక్కువున్నాయని అడిగితే ఐదేళ్ల పిల్లల్లో ఎక్కువ మంది సీసానే చూపిస్తారు.

“ఇప్పుడేగా గ్లాసులోంచి పోశాం?”

“అవును టీచర్. కానీ ఇది పొడుగుంది కదా!”

సుమారు ఏడేళ్లు వచ్చేదాకా ఇంతే. దిద్దడానికి పూనుకోవద్దు, వయసే దిద్దుతుంది. దీన్నుంచి నేర్చుకోవాల్సింది మనం. పాత్ర ఆకారం మారితే నీళ్లే మారిపోయాయనుకునే వయసులో ‘స్నానానికి ఇన్ని లీటర్లు, బట్టలకు ఇన్ని లీటర్లు’ అనే పట్టికతో ఏ ఉపయోగమూ లేదు. చిన్న తరగతుల్లో ఒకే కొలత పెట్టుకోండి. ప్లాస్టిక్ మగ్గు చాలు. రెండు మగ్గులు, ఐదు మగ్గులు అని వేళ్ల మీద లెక్కపెట్టేదే లెక్క. లీటర్లు మూడో తరగతి తర్వాత వస్తాయి.

అంగన్‌వాడీ పిల్లలకైతే మొదటి పాఠం నీళ్లతో ఆడటమే. వెడల్పాటి తొట్టిలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి మగ్గు, గరిటె, గరాటు, చిల్లుల గిన్నె, కొబ్బరిచిప్ప, స్పాంజి ముక్క పడేయండి. చిల్లుల గిన్నెతో నీళ్లు తేవాలని చూసి, దారిలోనే ఖాళీ అయిపోతే పిల్లాడు తిరిగి తొట్టి దగ్గరకు వచ్చి గిన్నె అడుగున చూసుకుంటాడు. ఆ చూపు మీ వివరణల కంటే విలువైంది, మధ్యలో మాట్లాడకండి. ఒక జగ్గులోంచి ఇంకో జగ్గులోకి ఒలకకుండా పోయడాన్ని మరియా మాంటిస్సోరి ఒక పాఠంగానే పెట్టింది. 1939లో ఆమె మద్రాసు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన తర్వాత ఆ పద్ధతి మన దగ్గరా పాకింది. ఒలకబోయకుండా పోయడం చేతికి వచ్చిన పిల్లకు ‘వృథా’ అనే మాట విడిగా నేర్పక్కర్లేదు. ఆట అయ్యాక “ఈ నీళ్లేం చేద్దాం?” అని అడగండి. ఎవరో ఒకరు మొక్కల వైపు చూపిస్తారు. మగ్గులతో వరసగా తీసుకెళ్లి పోయనివ్వండి. ఆ రోజుకు పని అదే.

ఒక హెచ్చరిక. ఈ వయసు పిల్లలకు నాలుగు వేళ్ల నీళ్లు కూడా ప్రమాదమే. తొట్టి దగ్గర పెద్దవాళ్లు ఒకరు కదలకుండా కూర్చోవాలి, ఫోన్ మోగినా సరే. ఆట అయిన వెంటనే తొట్టి బోర్లించాలి.

ఖర్చు అసలే లేని పాఠం, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, వానగుంటది. రాత్రి వాన పడి పొద్దున ఎండ కాస్తే చాలు. బడి ముందు సిమెంటు గచ్చు మీద ఎక్కడో ఒకచోట చెంబెడు నీళ్లు నిలిచి ఉంటాయి. ప్రార్థన కాగానే పిల్లల్ని దాని చుట్టూ కూర్చోబెట్టి, నీటి అంచు వెంబడి సుద్దముక్కతో గీత గీయించండి. తడి నేల మీద సుద్ద అంటదు, గీత అంచుకు అర అంగుళం ఇవతల పొడి నేల మీద పడాలి. ఈ సంగతి పిల్లలు రెండుసార్లు గీసి వాళ్లే కనిపెడతారు. మొదటి పీరియడ్ అయ్యాక మళ్లీ వెళ్లి ఇంకో గీత. ఇంటర్వెల్‌కు ఇంకోటి. మధ్యాహ్నానికి గచ్చు మీద ఒకదానిలో ఒకటిగా నాలుగైదు గీతలు మిగులుతాయి, నీళ్లుండవు. ఎవరు తాగేశారని అడగండి. కుక్క తాగిందంటారు, నేల తాగిందంటారు. నేల తాగిందన్న పిల్లలను మట్టి నేల దగ్గరకు తీసుకెళ్లి ఒక మగ్గు పోయించండి, గచ్చు మీద ఒక మగ్గు పోయించండి. మట్టి మీద పోసినవి నిమిషాల్లో దిగిపోతాయి. గచ్చు మీదివి పారి మురిక్కాలవ వైపు పోతాయి. మర్నాడు అదే గుంటలో పోసి సగం మీద అట్టముక్క నీడ పెడితే ఎండ పాత్ర కూడా తేలుతుంది. ఆవిరి, ఇంకుడు అనే రెండు పాఠాలు అయిపోయాయి, పుస్తకం తెరవకుండా. ఇంకుడు గుంత ఎందుకు తవ్వుతారో చెప్పాల్సి వస్తే ఇక మీకు రెండు వాక్యాలు చాలు. ఈ పాఠం నుంచి వచ్చే పని: బడిలో ఏ మూల నీళ్లు ఇంకుతున్నాయో, ఏ మూల పారిపోతున్నాయో ప్రతి వాన తర్వాతా చూసి వచ్చి చెప్పడం.

చేతుల కడుగుడు విషయంలో జాగ్రత్తగా ఉండాలి. నీళ్లు పొదుపు చేయమని గట్టిగా చెప్పిన మర్నాడే కొందరు పిల్లలు సబ్బు మానేస్తారు. పొదుపు పేరుతో విరేచనాలు తెచ్చుకోవడం ఎవరికీ మంచిది కాదు. అందుకని రెండూ కలిపి ఒకే అలవాటుగా నేర్పాలి: తడుపు, కట్టు, రుద్దు, తిప్పు. సబ్బుతో రుద్దాల్సిన 20 సెకన్లూ కుళాయి కట్టి ఉండాలి. నిమిషానికి 6 లీటర్లు వదిలే కుళాయి అయితే ఆ 20 సెకన్లలో 2 లీటర్లు మిగులుతాయి. ఈ లెక్క పిల్లలకు చెప్పేకంటే కుళాయి కింద బకెట్టు పెట్టి 20 దాకా గట్టిగా లెక్కపెట్టించి, బకెట్టులో ఎన్ని మగ్గులు పడ్డాయో కొలిపిస్తే సరి. కొలిచిన నీళ్లు మొక్కలకు.

మధ్యాహ్న భోజనం తర్వాత కుళాయిల దగ్గర చూడండి, ఏ తరగతి గదిలోనూ దొరకని పాఠం అక్కడుంది. అరవై కంచాలు, నాలుగు కుళాయిలు. కంచానికి అంటుకున్న అన్నం, సాంబారు నీటి ధాటికే వదలాలని ప్రతి పిల్లా కుళాయి పూర్తిగా తిప్పి కంచం కింద పెడుతుంది. నీళ్లు కంచానికి కొట్టుకుని ఎదురుగా ఉన్నవాళ్ల లాగుల మీద పడతాయి. కింద మెతుకులు అడ్డుపడి కాలవ పొంగుతుంది. ఇక్కడ మార్చాల్సింది కాసింతే. ముందు మిగిలిన మెతుకులు ఒక బకెట్టులోకి తుడవాలి. తర్వాత ఒక టబ్బులో ముంచి రుద్దాలి. ఆఖర్న మగ్గు నీళ్లతో తొలపాలి. ఒక రోజు పాత పద్ధతిలో పది కంచాలు, ఇంకో రోజు కొత్త పద్ధతిలో పది కంచాలు కడిగించి, కింద పెట్టిన బకెట్లలో మగ్గులు లెక్కపెట్టించండి. తేడా పిల్లలే చెబుతారు. మెతుకుల బకెట్టు దగ్గర్లో ఎవరి గేదెకో పోతుంది. కుడితి తొట్టి ఉన్న ఇంటి పిల్లలకు ఇది కొత్త కాదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు వాళ్లింట్లో ఎప్పుడూ మురిక్కాలవలోకి పోలేదు.

కారే కుళాయి పాఠానికి ముందుగా ప్లంబర్‌ను మాట్లాడి పెట్టుకోండి. ఇది సరదాకి అనడం లేదు. పిల్లలు ప్రార్థన నుంచి ఇంటి గంట దాకా కారే కుళాయి కింద బకెట్టు పెట్టి కొలిచి, బొమ్మ గీసి, హెడ్మాస్టరు గారికి చూపించాక కూడా వారాల తరబడి ఆ కుళాయి కారుతూనే ఉంటే వాళ్లు నేర్చుకునేది ఒకటే: చెప్పినా ఎవరూ చేయరని. కొలిచిన రెండో రోజే వాషరు మారాలి. అదే చోట అదే బకెట్టు పెట్టి, ఖాళీగా ఉండటం వాళ్లే చూడాలి. పెద్ద తరగతులకు లెక్క కూడా చేయించవచ్చు. సెకనుకు ఒక చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే 4 లీటర్ల పైమాట. ఒక పిల్ల రెండు మూడు రోజులు తాగే నీళ్లు.

తరగతిలో నీటి బాధ్యత ఒకరికి అప్పగించేటప్పుడు ‘వాటర్ మానిటర్’ అనకండి, నీరుగంటి అనండి. తెలంగాణలో నీరటి అంటారు. చెరువు తూము తీసి, ఎవరి మడికి ఎంత పారాలో చూసి, కట్ట మీద గండి పడకుండా కాపలా కాసే మనిషి. ఊళ్లో ఆ పని చేసిన కుటుంబం ఉంటే పెద్దాయన్ని బడికి పిలిచి పిల్లల మధ్య కూర్చోబెట్టండి. తూము, అలుగు, మత్తడి, ఆయకట్టు అనే మాటలు ఆయన నోట వింటే పిల్లలకు గుర్తుంటాయి. తరగతి నీరుగంటి వారానికొకరు మారాలి. మెడలో ఒక తాడు, చేతిలో ఒక చిన్న పుస్తకం. ఇంటికెళ్లే ముందు కుళాయిలన్నీ తిరిగి చూడటం, సీసాల్లో మిగిలిన నీళ్లు మొక్కల బకెట్టులో పోయించడం, కారుతున్నవి ఉంటే పుస్తకంలో చుక్క పెట్టడం ఆ పిల్ల పని. తోటివాళ్లను తిట్టే అధికారం మాత్రం ఇవ్వొద్దు. ఇచ్చారంటే రెండో రోజుకు పంచాయితీలు మీ దగ్గరకొస్తాయి.

కథ అడిగే పిల్లలుంటే మనకు చెరువుల కథలకు కొదవ లేదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్లు పట్టిందని అందులో చెక్కించారు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా రాయించారు. నాలుగో తరగతి పిల్లలకు ‘వంద బళ్లు’ అని చెప్పి, మట్టి మోసుకొచ్చి చిన్న కట్ట కట్టమంటే ఒక మధ్యాహ్నం మొత్తం దొరుకుతుంది. కట్ట తెగుతుంది, తెగనివ్వండి. ఎక్కడ తెగిందో చూశాక అలుగు ఎందుకు పెడతారో చెప్పొచ్చు. నిజం చెరువు చూపించాలంటే మాత్రం కట్ట మీద నుంచే, పెద్దవాళ్లు సరిపడా ఉంటేనే. చిన్న తరగతులను నీటి అంచుకు తీసుకెళ్లొద్దు.

బడులు జూన్‌లో మృగశిర కార్తె దాపున తెరుస్తారు గనుక వాన కొలిచే పాఠాన్ని అప్పుడే మొదలుపెట్టడం మేలు. పక్కలు నిటారుగా ఉన్న ప్లాస్టిక్ సీసా మెడ కోసి, కోసిన ముక్కను తిరగేసి మూతిలో పెట్టండి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీయండి. పైన స్కేలు అంటించండి. చెట్టు కింద, చూరు కింద పెట్టొద్దు. రోజూ ప్రార్థన ముందు చదివి, మళ్లీ సున్నా దాకా వంచేయాలి. నిల్వ ఉంచితే దోమలు గుడ్లు పెడతాయి. నిల్వ నీళ్లు పారబోసే శుక్రవారం డ్రై డే పాఠాన్ని కూడా ఇక్కడే కలిపేయవచ్చు.

నాలుగు, ఐదు తరగతులకు ఇక్కడ ఒక గమ్మత్తు లెక్క ఉంది. చదరపు మీటరు చోట ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. బడి డాబా పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు అనుకుంటే 10 మిల్లీమీటర్ల వానకు వెయ్యి లీటర్లు పడతాయి. మేడ మీద కనిపించే నల్ల ట్యాంకు నిండేంత. ఆ నీళ్లన్నీ ఏ గొట్టంలోంచి ఎటు పోతున్నాయో వెతకమని పంపండి. వాన తక్కువ ఊళ్లలో ఇంకో లెక్క బాగుంటుంది. అనంతపురంలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఏడాది వానంతా ఇంకకుండా, ఆరకుండా అలాగే నిలిచిందనుకుంటే ఎంత లోతుంటుందో గోడ మీద సుద్దగీత గీసి, దాని పక్కన ఒకటో తరగతి పిల్లను నిలబెట్టండి. నడుముకు కాస్త కిందికి వస్తుంది. కరువు సీమ అంటే చినుకే పడదనుకున్న పిల్లలు ఆ గీత చూసి ఆశ్చర్యపోతారు, మరి ఆ నీళ్లన్నీ ఏమయ్యాయని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిందంటే మీ పాఠం దారిన పడ్డట్టే.

తాగే నీళ్ల దగ్గర పొదుపు మాట ఎత్తొద్దు. 2019లో కేరళ బడుల్లో మొదలై తర్వాత మన రాష్ట్రాలకూ వచ్చిన ‘వాటర్ బెల్’ పిల్లలు నీళ్లు తాగడం లేదన్న బెంగతో పెట్టినది. మరుగుదొడ్డి బాగాలేక తాగడం మానుకునే ఆడపిల్లలు ఉంటారు. వాళ్ల ముందు ‘నీళ్లు తక్కువ వాడండి’ అన్న మాట వేరేగా వినబడుతుంది. గంట కొట్టాలి, అందరూ తాగాలి. సీసాలో మిగిలితే మొక్కలకు పోయాలి. ఇసుక, బొగ్గు, గులకరాళ్లతో నీళ్లు వడకట్టే ప్రయోగం చేస్తే తేరిన నీళ్లు చూడటానికేనని, తాగడానికి కాదని మూడుసార్లు చెప్పండి. చిల్లగింజ అరగదీసి కలిపితే బురదనీళ్లు ఎలా తేరుకుంటాయో చూపించినా అదే షరతు.

చివరగా ఇంటి లెక్కలు. ‘మీ ఇంట్లో రోజుకు ఎన్ని బకెట్లు వాడతారో రాసుకురండి’ అనే హోంవర్కు చాలా పుస్తకాల్లో ఉంటుంది. నాకు నచ్చదు. ఒకే బెంచీ మీద షవర్ ఉన్న ఇంటి పిల్ల, రెండు రోజులకోసారి వచ్చే ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే ఇంటి పిల్ల కూర్చుంటారు. పేర్లతో పట్టిక వేస్తే ఒకరు సిగ్గుపడతారు, ఇంకొకరు గొప్పలు పోతారు. ఇద్దరూ అబద్ధం రాసుకొస్తారు. కొలతలన్నీ బడిలోనే ఉంచండి. ఇంటికి ఒకే ప్రశ్న పంపండి: ‘మీ ఇంట్లో ఒకసారి వాడిన నీళ్లు రెండోసారి ఎక్కడ వాడతారు?’ ఇప్పుడు నోరు మెదపని పిల్లలు మాట్లాడతారు. బట్టలు జాడించిన నీళ్లతో వాకిలి కడుగుతామని ఒకరు, బియ్యం కడిగినవి గేదెకు పోస్తామని ఒకరు, ఏసీ గొట్టం కింద బకెట్టు పెడతామని అపార్ట్‌మెంటు పిల్ల. వచ్చినవన్నీ, ఎవరివో పేర్లు లేకుండా, బోర్డు మీద రాయండి. బడిలో చేయడానికి వీలైనది ఒకటి పిల్లల చేత ఎంచుకోనిచ్చి సోమవారం నుంచి మొదలుపెట్టండి. కావలసిన బకెట్టు మాత్రం శనివారమే తెచ్చి పెట్టుకోండి.